ఊనో తీసి ఈఎస్పీ32 పెట్టాక స్టెప్పర్ మోటారు రౌండు రౌండుకీ కాస్త పక్కకి జరుగుతోంది

చీమకన్ను:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. సగం చెబితే మిగతా సగం మీరే అడుగుతారని అన్నీ ఒకేసారి రాసేస్తున్నాను.

నేను చీమలు, సాలీళ్ళు, పుప్పొడి లాంటివాటిని బాగా దగ్గరగా ఫోటోలు తీస్తుంటాను. అంత దగ్గరకి వెళ్తే ఒక ఫోటోలో చీమ కన్ను ఒక్కటే స్పష్టంగా ఉంటుంది, దాని మీసాలు అప్పటికే మసక. అందుకని కెమెరాని 0.02 మి.మీ. చొప్పున ముందుకు జరుపుతూ వరసగా ఫోటోలు తీసి, తర్వాత అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలుపుతాం. ఫోకస్ స్టాకింగ్ అంటారు. కెమెరాని జరిపే రైల్ నేనే చేసుకున్నాను.

సామాను ఇదీ: నీమా 17 స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా, అంటే స్టెప్పులుగా తిరిగేది), లేబుల్ మీద 1.5 ఆంపులు అని ఉంది. ఏ4988 డ్రైవర్ బోర్డు (ఒక్కో పల్సుకి మోటారుని ఒక్కో అడుగు తిప్పేది), 12 వోల్టుల సప్లై, టీ8 లీడ్ స్క్రూ. స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 8 మి.మీ. జరుగుతుంది. మోటారు చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ మీద అడుగు సైజు ఎంచే ఎంఎస్ పిన్లు మూడూ హైలో (పిన్‌కి వోల్టేజీ ఉంటే హై, లేకపోతే లో) పెట్టి 1/16 మైక్రోస్టెప్పింగ్, అంటే ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేసి వాడుతున్నాను. అంటే మి.మీ.కి 400 పల్సులు, ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య 8 పల్సులు. రైల్ నేలకి సమాంతరంగా ఉంటుంది, బరువు పైకెత్తే పని లేదు.

ఇదంతా మొదట్లో ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద నడిచేది. ఏ పేచీ లేదు. ఫోన్ నుంచి వైఫైలో నడుపుకుందామనిపించి ఊనో తీసేసి, వైఫై ఉన్న ఈఎస్పీ32 బోర్డు పెట్టాను. మోటారు, డ్రైవర్, స్క్రూ, సప్లై ఏవీ మారలేదు. కోడ్‌లో పల్సులు ఇచ్చేది అదే ఆక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ. పిన్ నంబర్లు మాత్రం మార్చాను: స్టెప్ (పల్సు వెళ్ళేది) 26, డిర్ (దిశ చెప్పేది) 27, ఎనేబుల్ (మోటారు కరెంటు వేసి ఆపేది) 25. 12 వోల్టుల నుంచి ఒక చిన్న బక్ కన్వర్టర్ 5 వోల్టులు చేసి ఈఎస్పీ32కి ఇస్తుంది. డ్రైవర్ విడిడి పిన్ (దాని లాజిక్‌కి వోల్టేజీ అందే చోటు) కూడా ఊనో ఉన్నప్పటిలాగే ఆ 5 వోల్టుల లైన్లోనే ఉంది.

ఇక సమస్య. స్టాక్ మొత్తం తీశాక కెమెరాని సున్నా దగ్గరికి తిరిగి రమ్మంటాను. వస్తుంది, కానీ ఆగాల్సిన చోటు కాస్త దాటి ఆగుతుంది. ఎప్పుడు చూసినా మోటారు వైపుకే. ఒక్క రౌండులో కంటికి ఆనదు. ఓ గంట నడిచాక మాత్రం మొదటి ఫ్రేమ్ ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలవ్వదు. స్టాక్ మధ్యలో కూడా అక్కడక్కడ రెండు ఫోటోల మధ్య దూరం సమానంగా లేక, కలిపిన బొమ్మలో చీమ నడుం మీద మసక చార వస్తోంది. లిమిట్ స్విచ్ ఉంది గానీ, దాన్ని కరెంటు పెట్టగానే ఒక్కసారి చూసుకోవడానికే వాడతాను.

మోటారు శబ్దంలో తేడా లేదు. గుర్రుమనడం, వణకడం, మధ్యలో ఆగడం ఏవీ లేవు. మోటారునీ స్క్రూనీ కలిపే కప్లర్ గ్రబ్ స్క్రూలు బిగించాను, స్క్రూకి గ్రీజు రాశాను, యాక్సిలరేషన్ తగ్గించాను, తిరుగు ప్రయాణం వేగం సెకనుకి 10 మి.మీ. నుంచి 5కి దించాను. వేగం సగం చేసినా జరుగుడు తగ్గలేదు, అదే నాకు మింగుడు పడనిది. ఊనో మళ్ళీ పెడితే అంతా మామూలే.

వైఫై అడ్డుపడుతోందా? కోడ్‌లో ఏమన్నా ఉందా? డ్రైవర్ పోయిందనుకోవడానికి లేదు, ఊనోతో అదే డ్రైవర్ చక్కగా తిరుగుతోంది.

వేడివైరు:

స్టెప్పులు తప్పాయంటే నూటికి తొంభై కరెంటు చాలకే. విరెఫ్ (మోటారు కరెంటు ఎంతో నిర్ణయించే వోల్టేజీ) ఎంత పెట్టారు? కాస్త పెంచి చూడండి. విమాట్ (మోటారు సప్లై పిన్) దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందా? అది లేకుండా ఏ4988 నడపడం డ్రైవర్‌ని చేజేతులా కాల్చుకోవడమే. 12 వోల్టుల బదులు 24 ఇస్తే కాయిల్‌లో కరెంటు తొందరగా పెరుగుతుంది, వేగంలో బలం బాగుంటుంది. ఏ4988కి 35 వోల్టుల దాకా ఫరవాలేదు.

నన్నడిగితే ఏ4988 పక్కన పెట్టేసి డిఆర్‌వి8825 అనే డ్రైవర్ కొనండి. పిన్లు అవే, అదే సాకెట్‌లో కూర్చుంటుంది. నా ప్లాటర్‌లో (పెన్నుతో బొమ్మలు గీసే మెషీన్) ఈఎస్పీ32తోనే వాడుతున్నాను, ఒక్క రోజు కూడా తేడా రాలేదు.

పాతమీటరు:

చీమకన్ను గారూ, దయచేసి ఇంకేమీ మార్చకండి, ఇంకేమీ కొనకండి. మీ రిగ్ ఇప్పుడు మంచి స్థితిలో ఉంది: తప్పు రమ్మంటే వస్తోంది, ఊనో పెడితే పోతోంది. రెండు మూడు పార్టులు ఒకేసారి మార్చారంటే ఆ సదుపాయం పోతుంది.

వేడివైరు గారు చెప్పిన కెపాసిటర్ మాట నిజం, అది ఉండి తీరాలి. కానీ కరెంటు చాలకపోవడం అనే అనుమానానికి మీ పోస్టులోనే జవాబు ఉంది. స్టెప్పర్ బలం వేగం పెరిగే కొద్దీ తగ్గుతుంది. బలం చాలక తప్పుతుంటే వేగం సగానికి దించగానే ఎంతో కొంత తేడా కనిపించాలి. మీకు కనిపించలేదు.

స్టెప్పులు పోయే చోట్లు రెండు. ఒకటి, పల్సు డ్రైవర్‌కి అందింది, కాయిల్‌లో కరెంటు మారింది, కానీ రోటర్ (మోటారు లోపల తిరిగే భాగం) దాని వెంట వెళ్ళలేక వెనక్కి జారింది. రెండు, పల్సు డ్రైవర్ లెక్కలోకే సరిగ్గా రాలేదు. రోటర్ పాపం చెప్పినట్టే తిరిగింది. మొదటిది మోటారు, బరువు, కరెంటు వైపు గొడవ. రెండోది వైర్లు, సిగ్నల్ వైపు గొడవ. విరెఫ్ ఎంత తిప్పినా రెండోది పోదు.

ఈ రెండింటినీ విడదీయడానికి ఒక మంచి దారి ఉంది. మీ మోటారు రోటర్‌కి 50 పళ్ళు ఉంటాయి. కాయిల్స్‌లో కరెంటు వరస ప్రతి 4 ఫుల్ స్టెప్పులకి ఒకసారి మొదటికొస్తుంది. 4 ఫుల్ స్టెప్పులంటే చుట్టులో యాభయ్యో వంతు, అంటే ఒక పన్ను. రోటర్ పట్టు తప్పి జారితే మధ్యలో ఎక్కడా నిలబడలేదు. పక్క పన్ను దగ్గరికో, ఆ పక్క పన్ను దగ్గరికో వెళ్ళి కూర్చుంటుంది. మీ స్క్రూ మీద ఒక పన్ను అంటే 8 మి.మీ.లో యాభయ్యో వంతు, 0.16 మి.మీ. కాబట్టి మోటారే జారుతుంటే మీ తప్పు 0.16, 0.32, 0.48 ఇలా ఆ లెక్కలోనే ఉండాలి. 0.05 అనో 0.09 అనో వచ్చిందంటే మోటారు ఏ పాపమూ ఎరగదు, పల్సుల దగ్గర చూసుకోవాలి.

డయల్ గేజ్ ఉందా? 0.01 మి.మీ. చూపించేది చాలు. లేకపోతే ఎవరినన్నా అడిగి తెచ్చుకోండి. దాన్ని రైల్ చట్రానికి గట్టిగా బిగించి, మొన కెమెరా ప్లేటుకి ఆనేలా సున్నా దగ్గర పెట్టండి. 40 మి.మీ. ముందుకు, మళ్ళీ సున్నాకి, రౌండుకొకసారి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. సున్నాకి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తారు కాబట్టి నట్టు వదులు లెక్కలోకి రాదు. కెమెరా తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

ఆ తర్వాత ఇంకో పని. కరెంటు పూర్తిగా ఆపి (మోటారు వైర్లని కరెంటు ఉండగా లాగితే కాయిల్ వదిలే దెబ్బకి డ్రైవర్ పోతుంది, ఇది సరదాకి చెప్పడం లేదు) ఒక కాయిల్ రెండు వైర్లనీ అటూ ఇటూ మార్చండి. మోటారు తిరుగు దిశ ఉల్టా అవుతుంది. కోడ్‌లో డిర్ పిన్‌ని కూడా ఉల్టా చేయండి, ఆక్సెల్‌స్టెప్పర్‌లో సెట్ పిన్స్ ఇన్వర్టెడ్ ఉంది కదా. ఇప్పుడు కెమెరా ఇదివరకులాగే వెళ్ళి వస్తుంది, కాకపోతే అప్పుడు హైతో ముందుకు వెళ్ళేది ఇప్పుడు లోతో వెళ్తుంది. జరుగుడు అదే వైపు ఉంటే రైల్‌లో ఏదో ఉంది. జరుగుడు కూడా వైపు మారిందంటే డిర్ సిగ్నల్ మీద నాకున్న అనుమానం గట్టిపడుతుంది.

మూడు వోల్టేజీలు కూడా కావాలి. డ్రైవర్ బోర్డు మీదే మీటర్ పెట్టి చూడండి, ఈఎస్పీ32 దగ్గర కాదు. విడిడికీ దాని పక్కనున్న గ్రౌండ్‌కీ మధ్య ఎంత? డిర్ హైలో ఉంచి, ఆ పిన్‌కీ అదే గ్రౌండ్‌కీ మధ్య ఎంత? విరెఫ్ ఎంత? ఈఎస్పీ32 గ్రౌండ్ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో కూడా చెప్పండి.

లూపులోపల:

కోడ్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ప్రతి చర్చలోనూ చివరికి ఎవరో ఒకరు కోడ్ మీద పడతారు.

ఆక్సెల్‌స్టెప్పర్‌లో రన్ ఫంక్షన్ పిలిచినప్పుడు, టైమ్ అయితే ఒక పల్సు ఇస్తుంది, తన లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. లూప్‌లో (కోడ్‌లో పదేపదే తిరిగే భాగం) వైఫై పనో, సీరియల్ ప్రింటో, డిస్‌ప్లే రాయడమో ఆలస్యం చేస్తే పల్సు ఆలస్యంగా వెళ్తుంది, అంతేగానీ మాయమవదు. ఇచ్చిందే లెక్కేస్తుంది. ఆలస్యం వల్ల నిజమైన నష్టం ఒక్కటే: మోటారు మంచి వేగంలో ఉండగా పల్సులు టక్కున ఆగి మళ్ళీ అదే వేగంతో మొదలైతే రోటర్ పట్టు తప్పవచ్చు. అలా తప్పినా పైన చెప్పిన 0.16 లెక్కలోనే తప్పాలి. దానికితోడు టక్‌మనే శబ్దం వినిపించాలి. మీరు శబ్దమేమీ లేదన్నారు.

అనుమానం తీరకపోతే వైఫై పూర్తిగా ఆపేసి, లూప్‌లో రన్ ఒక్కటే ఉంచి చూడండి.

చీమకన్ను:

డయల్ గేజ్ దొరికింది. మీరడిగినవన్నీ చూశాను.

ముందు లూపులోపల గారి మాట: వైఫై ఆపి, లూప్‌లో రన్ ఒక్కటే ఉంచినా జరుగుడు అలాగే ఉంది. కోడ్‌ని వదిలేశాను.

గేజ్ రీడింగులు. 40 మి.మీ. వెళ్ళి వచ్చాక ఒక్కో రౌండులో 0.05, 0.03, 0.08, 0.05, 0.06, 0.02, 0.09. అన్నీ మోటారు వైపుకే. 0.16 ఒక్కసారి కూడా రాలేదు. కెమెరా తీసేసి చూస్తే 0.04, 0.07, 0.05. బరువుతో సంబంధం ఉన్నట్టు లేదు.

ఇంకొకటి గమనించాను. స్టాక్ తీసే తీరులో, అంటే 8 పల్సులు, ఆగడం, మళ్ళీ 8 పల్సులు, ఇలా గేజ్ చూస్తూ కూర్చుంటే చాలాసార్లు ముల్లు 0.02 చక్కగా కదులుతోంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి 0.01 మాత్రమే కదులుతోంది. ఒకసారైతే అసలు కదలనట్టే ఉంది. మసక చారలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థమైంది.

కాయిల్ వైర్లు మార్చి, డిర్ ఉల్టా చేశాను (కరెంటు ఆపే చేశాను). జరుగుడు వైపు మారింది! ఇప్పుడు మోటారుకి దూరంగా, కెమెరా ముందు వైపుకి ఆగుతోంది. పరిమాణం దాదాపు అంతే. నిజం చెప్పాలంటే ఇది చూసి కాసేపు నమ్మలేదు. రైలూ స్క్రూ అవే, కెమెరా వెళ్ళే దారీ అదే.

వోల్టేజీలు: విడిడి 4.82. డిర్ హైలో 3.27. విరెఫ్ 0.64. డ్రైవర్ మీద చిన్న రెసిస్టర్ల పైన ఆర్100 అని ఉంది. కెపాసిటర్ ఉంది, విమాట్ పక్కనే, 100 మైక్రోఫారడ్.

గ్రౌండ్: ఈఎస్పీ32 నుంచి డ్రైవర్‌కి నేరుగా గ్రౌండ్ వైరు లేదు. ఈఎస్పీ32 గ్రౌండ్ బక్ కన్వర్టర్‌కి, అక్కడి నుంచి సప్లై మైనస్‌కి వెళ్తుంది. డ్రైవర్ గ్రౌండ్ విమాట్ పక్కనున్న పిన్ నుంచి బ్రెడ్‌బోర్డు మీదుగా అదే సప్లై మైనస్‌కి వెళ్తుంది. అంతా కలిసే ఉంది కదా అని ఇంకో వైరు వేయలేదు.

పాతమీటరు:

దొరికింది.

ఏ4988 డేటాషీట్‌లో లాజిక్ ఇన్‌పుట్ల దగ్గర ఒక చిన్న లైను ఉంటుంది: హైగా తీసుకోవడానికి విడిడిలో 0.7 వంతు కావాలి. మీ విడిడి 4.82. అందులో 0.7 వంతు అంటే 3.37 వోల్టులు. మీ ఈఎస్పీ32 ఇస్తున్నది 3.27. ఊనో 5 వోల్టులు ఇచ్చేది కాబట్టి ఈ లైను గురించి ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. ఈఎస్పీ32 3.3 వోల్టుల చిప్పు. మీరు గీతకి పదో వంతు వోల్టు కింద నడుపుతున్నారు.

మరి ఇన్నాళ్ళూ దాదాపు సరిగ్గానే ఎలా తిరిగింది అంటారా. ఆ 0.7 అనేది కంపెనీ హామీ ఇచ్చే అంకె, చిప్పు నిజంగా మారే చోటు దానికంటే కిందే ఉంటుంది. ఎంత కింద అనేది చిప్పు చిప్పుకీ మారుతుంది. అందుకే ఇలాంటి ప్రశ్న ఎక్కడ అడిగినా, నేనూ అలాగే కలిపాను, బాగానే పనిచేస్తోందే అనేవాళ్ళు కొందరు తప్పకుండా ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ చిప్పు వాళ్ళకి కలిసొచ్చింది.

హై, లో రెండింటికీ ప్రమాదం సమానం కాదు, మీ జరుగుడు ఒకే వైపు ఎందుకుందో అక్కడే తేలుతుంది. లోగా తీసుకోవడానికి విడిడిలో 0.3 వంతు కంటే తక్కువుంటే చాలు, అంటే దాదాపు 1.45 వోల్టులు. మీ లో సున్నా దగ్గర ఉంటుంది, బోలెడు ఖాళీ. హైకి మాత్రం ఖాళీయే లేదు. డిర్ హైలో ఉండి కెమెరా ముందుకు పోతున్నప్పుడు, పల్సు వచ్చిన ఆ క్షణంలో డిర్ కొంచెం తగ్గినట్టు డ్రైవర్‌కి కనిపించిందంటే, ఆ ఒక్క పల్సుకి అది వెనక్కి వేస్తుంది. వేయాల్సిన అడుగు పోవడమే కాకుండా ఇంకో అడుగు వెనక్కి, మొత్తం రెండు మైక్రోస్టెప్పుల తేడా. తిరిగి వచ్చేటప్పుడు డిర్ లోలో ఉంటుంది, అప్పుడు అన్నీ సరిగ్గానే పడతాయి. వెళ్ళింది తక్కువ, వచ్చింది పూర్తి. అందుకే సున్నా దాటి మోటారు వైపు ఆగుతోంది. వైర్లు మార్చాక తిరుగు ప్రయాణం హై మీద పడింది, జరుగుడు కూడా అటు మారింది. మీ 0.05 మి.మీ. అంటే 20 మైక్రోస్టెప్పులు, అంటే 16,000 పల్సుల్లో ఓ పది తప్పుగా పడ్డాయంతే. చెవికి ఎలా వినిపిస్తుంది?

స్టెప్ పిన్ పరిస్థితీ ఇదే. అక్కడ హై అందకపోతే పల్సు లెక్కలోకి రాదు. కానీ అది రెండు దిశల్లోనూ జరుగుతుంది కాబట్టి రౌండు చివర చాలావరకు కొట్టుకుపోతుంది. మీరు గేజ్ మీద చూసిన కదలని ఆ అడుగుల్లో ఇవీ కొన్ని ఉండవచ్చు.

ఇక గ్రౌండ్. మీటర్లో చూస్తే అంతా కలిసే ఉంది, నిజమే. కానీ మోటారు కరెంటు మొత్తం డ్రైవర్ నుంచి బ్రెడ్‌బోర్డు మీదుగా సప్లై మైనస్‌కి వెళ్తోంది. బ్రెడ్‌బోర్డు క్లిప్పుల్లో, సన్న వైర్లలో 0.1 ఓమ్ ఉండటం పెద్ద విషయం కాదు. ఒక ఆంపు వెళ్తే 0.1 వోల్టు. పైగా ఏ4988 ఆ కరెంటుని సెకనుకి వేల సార్లు ఆపి వేస్తూ ఉంటుంది, ఆ కుదుపులకి వైరు ఇంకా ఎక్కువ ఎగురుతుంది. డ్రైవర్ తన గ్రౌండ్ నుంచే కొలుచుకుంటుంది. దాని గ్రౌండ్ 0.1 పైకి లేస్తే మీ 3.27 దానికి 3.17గా కనిపిస్తుంది. పడవ ఇప్పటికే అంచుదాకా మునిగి ఉంది, ఆ చిన్న అల చాలు.

చేయాల్సినవి: విడిడిని 5 వోల్టుల లైను నుంచి తీసి ఈఎస్పీ32 బోర్డు 3.3 వోల్టుల పిన్‌కి కలపండి. ఏ4988 లాజిక్ 3 నుంచి 5.5 వోల్టుల దాకా నడుస్తుంది, తీసుకునేది కొద్ది మిల్లీఆంపులే. ఎంఎస్ పిన్లు 5 వోల్టులకి కట్టి ఉంటాయి కదా, వాటినీ దాంతోపాటే 3.3కి తెచ్చేయండి. అప్పుడు గీత 2.31 దగ్గరికి దిగుతుంది, దాదాపు ఒక వోల్టు ఖాళీ వస్తుంది. రెండోది, డ్రైవర్ మీద విడిడి పక్కనున్న గ్రౌండ్ పిన్ నుంచి ఈఎస్పీ32 గ్రౌండ్‌కి పొట్టి వైరు ఒకటి వేయండి, స్టెప్, డిర్ వైర్ల పక్కనే నడిచేలా. డ్రైవర్ నుంచి సప్లై మైనస్‌కి వెళ్ళే వైరుని బ్రెడ్‌బోర్డు మీదుగా కాకుండా నేరుగా, లావుగా వేయండి. అది వదిలేస్తే మోటారు కరెంటు ఆ కొత్త సన్న వైరు దారి కూడా పడుతుంది.

చీమకన్ను:

రెండూ చేశాను. ముందు విడిడి ఒక్కటే మార్చి చూశాను, ఏది ఎంత పనిచేసిందో తెలియాలని. గేజ్ ముల్లు నెమ్మదిగా వెళ్ళి వచ్చే రౌండ్లన్నిటిలో సున్నా మీదే ఆగుతోంది. తర్వాత గ్రౌండ్ వైర్లు కూడా మార్చేశాను. స్టాక్ తీసే తీరులో కూడా 8 పల్సులకి 0.02 క్రమం తప్పకుండా వస్తోంది.

కానీ కొత్త తలనొప్పి. సెకనుకి 10 మి.మీ. వేగంతో తిరిగి వచ్చేటప్పుడు, అదీ కెమెరా పెట్టి ఉన్నప్పుడు, ఒక్కోసారి టక్‌మంటోంది. గేజ్ 0.16 చూపించింది. ఇంకోసారి 0.32. కెమెరా తీస్తే లేదు, వేగం తగ్గిస్తే లేదు. ఊనోతో ఇదే వేగంలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఇప్పుడు మోటారు నిజంగానే జారుతోంది కదా? వైర్లు తప్ప నేనేమీ ముట్టుకోలేదు.

పాతమీటరు:

ఇప్పుడు నిజంగానే జారుతోంది. మీరు ముట్టుకోకుండానే విరెఫ్ తగ్గింది.

ఏ4988 బోర్డు మీదున్న ఆ చిన్న స్క్రూ పొటెన్షియోమీటర్ విరెఫ్‌ని విడిడి నుంచే భాగించి తీసుకుంటుంది. విడిడి తగ్గితే అదే నిష్పత్తిలో విరెఫ్ కూడా తగ్గుతుంది. 4.82 దగ్గర 0.64 ఉండేది 3.3 దగ్గర 0.44 అయి ఉంటుంది. మీటర్ పెట్టి చూడండి.

మీ బోర్డు మీద ఆర్100 అంటే 0.1 ఓమ్. ఏ4988కి విరెఫ్ అంటే కరెంటు ఇంటూ 8 ఇంటూ ఆ రెసిస్టర్. 0.64 అంటే 0.8 ఆంపు, 0.44 అంటే 0.55 ఆంపు. మోటారు బలంలో దాదాపు మూడో వంతు పోయింది. స్క్రూని మళ్ళీ 0.64కి తిప్పండి. పింగాణీ మొన లేదా ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ ఉంటే మంచిది. ఇనుపది జారి పక్క పిన్నుకి తగిలితే ఇంతసేపూ పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆర్100 అని చెప్పడం మంచిదైంది. కొన్ని బోర్డుల మీద ఆర్050 గానీ ఆర్068 గానీ ఉంటుంది. 0.05 ఓమ్ ఉన్న బోర్డు మీద అదే 0.64 పెడితే 1.6 ఆంపులు అవుతుంది, హీట్‌సింక్ లేకపోతే చిప్పు మాడుతుంది. ఎవరో చెప్పిన విరెఫ్ అంకెని రెసిస్టర్ చూడకుండా పెట్టకూడదు.

వేడివైరు:

ఒప్పుకుంటాను, విరెఫ్ పెంచితే మొదటి జబ్బు తగ్గేది కాదు. కానీ డిఆర్‌వి8825 పెట్టమన్నాను కదా, అది పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు!

పాతమీటరు:

అవును, ఉండేది కాదు. డిఆర్‌వి8825కి హై అంటే 2.2 వోల్టులు చాలు, ఈఎస్పీ32తో దానికి పేచీ లేదు. మీ ప్లాటర్ అందుకే బాగా తిరుగుతోంది. కాకపోతే ఏ4988 పాడైందని పక్కన పడేసేవారు, అది ఏ తప్పూ చేయలేదు.

దాన్ని వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. స్టెప్ పల్సు ఏ4988కి 1 మైక్రోసెకను ఉంటే చాలు, డిఆర్‌వి8825కి 1.9 కావాలి. ఆక్సెల్‌స్టెప్పర్ తనంతట తాను ఉంచేది 1 మైక్రోసెకను. ఊనోలో పిన్ మార్చడానికే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి అక్కడ తేడా తెలియదు. ఈఎస్పీ32 అంతకంటే చాలా వేగం. సెట్ మిన్ పల్స్ విడ్త్ పిలిచి 3 పెట్టుకుంటే గొడవ లేదు. మీ ప్లాటర్ కోడ్‌లో కూడా ఒకసారి చూసుకోండి.

చీమకన్ను:

విరెఫ్ 0.43 ఉంది, 0.64కి తిప్పాను. కెమెరాతో, సెకనుకి 10 మి.మీ. వేగంతో, టక్ శబ్దం లేదు, గేజ్ సున్నా మీద. నిన్న ఒక గండుచీమ తల పూర్తి స్టాక్ తీశాను, చార ఒక్కటి కూడా లేదు. అందరికీ చాలా థాంక్స్.

పనిలో పనిగా ఒక చిన్న ప్రశ్న. పెద్ద స్టాక్‌లో ఫోటోకీ ఫోటోకీ మధ్య ఫ్లాష్ చార్జ్ అవ్వాలని చాలాసేపు ఆగుతాను. ఆగినంతసేపూ మోటారుకి కరెంటు పోతూనే ఉంటుంది, వేడెక్కుతోంది. ఆగినప్పుడల్లా ఎనేబుల్ ఆపేసి, కదిలే ముందు మళ్ళీ వేయవచ్చా?

పాతమీటరు:

మీ పనికి వద్దు. కరెంటు తీసేస్తే మైక్రోస్టెప్పు మధ్యలో నిలబెట్టే శక్తి పోతుంది, అయస్కాంతం లాగుడుకి రోటర్ దగ్గరున్న ఫుల్ స్టెప్పు వైపు జారవచ్చు. స్క్రూ రాపిడి కొంత ఆపుతుంది గానీ దాన్ని నమ్ముకోలేం. మీకు ఒక ఫుల్ స్టెప్పు అంటే 0.04 మి.మీ., జారితే అందులో సగం దాకా జారవచ్చు. అంటే సరిగ్గా ఒక ఫోటో దూరం. మళ్ళీ కరెంటు వేయగానే డ్రైవర్ తన లెక్క ప్రకారం లాగి పెట్టేస్తుంది, లెక్క పోదు. కానీ షట్టర్ తెరుచుకున్న సమయానికి కెమెరా ఎక్కడుందో చెప్పలేం.

0.8 ఆంపుకి ఆ మోటారు వేడెక్కడం మామూలే, లేబుల్ మీద 1.5 ఉంది కదా. చెయ్యి పెట్టి ఉంచలేనంత ఉంటే విరెఫ్ 0.56కి దించి, తిరుగు ప్రయాణం వేగం కొంచెం తగ్గించుకోండి. గేజ్ ఇంకా మీ దగ్గరే ఉంటే దించాక కెమెరాతో ఓసారి చూసుకోండి, 0.16 కనిపిస్తే ఎక్కువ దించినట్టు.